హిందీ పండితుడి నోరు

బుక్కరాయసముద్రం
జూలై 6

నా బంగారు జయంతికి,

నాయన రాస్తున్నాను. కవరు చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగున్నాం. మీ అమ్మ ఇవాళ పొద్దున్నే కుళ్లాయప్ప అంగట్లో బెల్లం బాగాలేదని పేచీ పెట్టుకుని గెలిచి వచ్చింది. అంటే ఆరోగ్యానికి ఢోకా లేదన్నమాట. ఫోన్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో నేను రెండు మాటలు అనేలోపే నువ్వు "అసలు సంగతి చెప్పు నాయనా" అంటావు, ఉన్న కాస్త ధైర్యమూ దిగిపోతుంది.

అసలు సంగతి ముందే రాసేస్తాను. ఈ నెల ఇరవై ఏడున, నువ్వు చేసుకోబోయే ప్రమోద్ ఇంటివాళ్లు ఝాన్సీ నుంచి మన ఇల్లు చూడడానికి వస్తున్నారు కదా. ఆ రోజు నేను ఇంట్లో ఉండను. కుందుర్పి చేనుకు పోతాను. నా స్థానంలో మీ జయరాముడు మామ కూర్చుంటాడు. పద్దెనిమిదేళ్లు మిలిటరీలో చేసినవాడు, హిందీ గడగడా మాట్లాడతాడు. మీ అమ్మతో ఈ మాట అన్నాను. ఆమె చేతిలో చాట కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఏమప్పా, బిడ్డ ఇల్లు చూడను అంత దూరం నుంచి మనుషులొస్తాంటే నువ్వు చేనుకు పోతావా? బుద్ధి ఉండాదా?"

"తేమ ఉండాది, శెనిక్కాయ విత్తాల" అన్నాను.

"నాలుగెకరాలూ గుత్తకిచ్చి మూడేండ్లాయె. ఎవురి చేన్లో విత్తుతావు?"

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. మీ అమ్మకు పేపరు అడ్డం పెట్టుకోవచ్చు. నీకు పెట్టుకోలేను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, చదివి నవ్వినా సరే, తిట్టినా సరే. అమ్మా జయంతీ, ముప్పై మూడేళ్లు హిందీ పండితుడిగా జీతం తీసుకున్న మీ నాయనకు హిందీ మాట్లాడడం రాదు.

చదవడం వచ్చు. పద్యాలు అప్పజెప్పమంటే ఇప్పటికీ అప్పజెప్తాను. పరీక్షలన్నీ మొదటి తరగతిలో పాసయ్యాను. ఉద్యోగం వచ్చిన రెండో ఏడు, పాతికేళ్ల వయసులో, టీచర్లందరితో కలిసి ఆగ్రా చూడడానికి బయలుదేరాను. హిందీ వచ్చినవాణ్ని నేనొక్కడినే కాబట్టి ఆ ప్రయాణంలో నేనే రాజు. దారిలో ఒక పెద్ద స్టేషన్లో రైలు ఆగింది. అందరూ దాహమన్నారు. నేను దిగి ఒక టీ కొట్టు దగ్గర నిలబడి, "కృపయా బతాయియే, శీతల్ జల్ కహాఁ ఉపలబ్ధ్ హోగా?" అని అడిగాను. దయచేసి చెప్పండి, శీతల జలము ఎక్కడ లభ్యమగును అని. కొట్టువాడు నోరు తెరిచి నన్ను చూశాడు. పక్క కొట్టువాణ్ని పిలిచాడు. మళ్లీ చెప్పమన్నాడు. వినబడలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను. వాళ్లు ఇంకో నలుగురిని పిలిచారు. మూడోసారి చెప్తుంటే అర్థమైంది, వాళ్లకు కావలసింది నా ప్రశ్న కాదు, నా వేషం. కిటికీల్లోంచి మా టీచర్లు చూస్తున్నారు. ఖాళీ చెంబుతో రైలెక్కాను.

ఆ రోజు మూసుకున్న నోరు మళ్లీ తెరవలేదు. బడిలో ఎలా గడిపావు అంటావా? పాఠం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాయడం. ఇరవై మార్కులొస్తే హిందీ పాసు, ఆ ఇరవై ఎక్కడ దొరుకుతాయో నాకు బాగా తెలుసు. ప్రతి క్లాసులోనూ ముగ్గురో నలుగురో ముస్లింల పిల్లలు ఉండేవాళ్లు. వాళ్ల ఇంట్లో మాట్లాడే మాట నా హిందీకి దగ్గర చుట్టం, నీళ్లలా మాట్లాడేవాళ్లు. వాళ్లను నేను ఏనాడూ లేపి ప్రశ్న అడగలేదు. అడిగితే జవాబు చెప్తారు, తిరిగి నేను మాట్లాడాలి. ఒకసారి మస్తాన్ అనే పిల్లవాడు వద్దు అనబోయి, పొరపాటున వాళ్ల ఇంటి మాటలో "నక్కో సార్" అన్నాడు. అది తప్పు హిందీ అని చేతి మీద బెత్తంతో కొట్టాను. ఆ దెబ్బ వాడి తప్పుకు కాదు, నా భయానికి. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఇంకొకటి నీకు తెలుసు. పదేళ్ల కిందట నిన్ను ఝాన్సీలో కాలేజీలో చేర్చడానికి వచ్చినప్పుడు హాస్టలు వార్డెనమ్మ "ఆప్ క్యా కర్తే హైఁ?" అని నా పనేమిటో అడిగింది. హిందీ టీచరునని చెప్తే ఆమె సంతోషపడి ఇంకో నాలుగు మాటలు కలుపుతుందని భయపడ్డాను. "కిసాన్" అన్నాను, రైతునని. నువ్వు నా పక్కనే ఉన్నావు. పదిహేడేళ్ల పిల్లవు, మిగతా మాటలన్నీ నువ్వే మాట్లాడుకున్నావు. నేను గోడ మీది కేలెండరు చూస్తూ నిలబడ్డాను. నువ్వు ఆ సంగతి నన్ను ఎప్పుడూ అడగలేదు. అడగనందుకు నీకు దండం పెట్టాలి.

సరే, ఇప్పుడు నవ్వు వచ్చే భాగం. రిటైరయ్యాక, ఈ ముసలితనంలోనైనా ఎవరికీ తెలియకుండా హిందీ మాట్లాడడం నేర్చుకుందామని మన శశికుమార్ మొబైల్ అంగడికి పోయాను. నా దగ్గర చదువుకున్నవాడే. భాషలు నేర్పే యాప్ ఏదో ఉందట, ఎక్కించమన్నాను. ఎక్కించాడు. బొమ్మలు, జెండాలు వచ్చాయి. హిందీ మీద వేలు పెట్టబోతుంటే వాడు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏ భాష నేర్చుకుంటారు సార్?" అన్నాడు. హిందీ పండితుడు శిష్యుడి ముందు హిందీ మీద ఎలా నొక్కుతాడు? వేలు పక్కకు జరిపి ఏదో నొక్కాను. ఆకుపచ్చ నక్షత్రం జెండా. ఎస్పెరాంతో అని పేరు.

అది ఏ దేశానిదీ కాదు. నూట ముప్పై ఏళ్ల కిందట పోలెండులో ఒక కంటి డాక్టరు కూర్చుని తయారుచేసిన భాష. మనుషులందరూ కలిసి మాట్లాడుకోవడానికని. శశికుమార్ ఊరుకుంటాడా? "మా సారు జిల్లాలో ఎవురికీ రాని భాష నేర్చుకుంటాండాడు" అని అంగడికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. ఇంక మానేస్తే పరువు పోతుంది. రోజూ పొద్దున్న గంటసేపు కూర్చున్నాను. నీకు తెలుసో లేదో, హిందీలో రైలు ఆడది, ఇల్లు మగది, ముప్పై మూడేళ్ల తరవాత కూడా నాకు అనుమానమే. ఈ భాషలో ఆ బాధ లేదు. పదహారు సూత్రాలు, ఒక్కదానికీ మినహాయింపు లేదు. నాలుగు నెలలకు చదివాను. ఎనిమిదో నెలలో, నమ్ము, మాట్లాడాను.

ఆదివారం సాయంత్రం ఫోన్లో మా గుంపు కలుస్తుంది. హంగరీ నుంచి ఇలోనా అని డెబ్బై ఒక్కేళ్ల ఆమె, తేనెటీగలు పెంచుతుంది. బ్రెజిల్‌లో ఒక బస్సు డ్రైవరు. ఇంకో ఇద్దరు ముగ్గురు. ఒక కట్టుబాటుంది: ఎవరు మాట్లాడుతున్నా, వాళ్లు ముగించేదాకా తప్పు దిద్దకూడదు. మొదటి రోజు ఇలోనా మీ ఊరి సంగతి చెప్పమంది. కరువు అనే మాట నాకు తెలియదు. ప్లూవో అంటే వాన, ముందు మల్ అని తగిలిస్తే దేనికైనా వ్యతిరేకం. "మా ఊళ్లో మల్‌ప్లూవో" అన్నాను. వాన కానిది. ఇలోనా కాగితం మీద రాసుకుంది. తరవాతి ఆదివారం తన ఊరి గురించి చెప్తూ ఆ మాటే వాడింది! నేను పుట్టించిన మాట ఒకటి ఇంకో మనిషి నోట్లో పడింది, జయంతీ. హిందీలో అలా పుట్టిస్తే తప్పు అని ఎర్ర సిరాతో కొడతారు. కొట్టేవాణ్ని నేనే.

చాలా రోజులు ఆలోచించాను. ముప్పై మూడేళ్ల హిందీ రాలేదు, ఎనిమిది నెలల ఎస్పెరాంతో ఎలా వచ్చింది? సూత్రాలు తేలిక, నిజమే. కానీ అది ఒక్కటే కాదు. ఆ భాష ఎవరి అమ్మ దగ్గరా పుట్టలేదు. ఆ గదిలోకి అందరూ చెప్పులు బయట విడిచి వచ్చినవాళ్లే. సొంతదారు అంటూ ఒకడు కుర్చీలో కూర్చుని నన్ను చూడడు. హిందీలో మాత్రం నా ఎదురుగా ఎప్పుడూ సొంతదారు ఉంటాడు, నా నోటి వైపే చూస్తూ ఉంటాడు. నీ అత్తగారింటివాళ్లు ఆ సొంతదారులు. వాళ్ల ముందు నేను నిలబడి, నీకు తలవంపులు తేలేను. మామ మాట్లాడతాడు. నన్ను క్షమించు.

నిన్ను తలుచుకుంటూ,
నాయన

*

ఝాన్సీ
జూలై 14

మా మంచి నాయనకు,

మంచి అని అలవాటు కొద్దీ రాశాను కానీ ఈ రోజు రాయాలని లేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి శశికుమార్ అంగడి దగ్గర పడి పడి నవ్వాను. రెండోసారి ఏడ్చాను. తరవాత కోపం వచ్చింది, ఆ కోపం తగ్గకముందే రాస్తున్నాను. విత్తనాల ల్యాబులో పని అలాగే వదిలేసి కూర్చున్నాను.

నువ్వు "కిసాన్" అన్న రోజు నేను అడగలేదని దండం పెడతానన్నావు. పెట్టొద్దు. నేను అడగనిది మంచితనంతో కాదు, భయంతో. హిందీ మాస్టారి కూతురినై ఉండి నేను అంత చెత్తగా మాట్లాడుతున్నానని, ఈ పిల్ల నాకు శిష్యురాలే కాదన్నట్టు నువ్వు అలా చెప్పుకున్నావనుకున్నాను. పదేళ్లుగా అదే అనుకుంటున్నాను. అందుకే ఇక్కడ అందరికీ మా నాయన రైతు అనే చెప్పాను. స్నేహితులకు చెప్పాను, ఫారాల్లో రాశాను, ప్రమోద్‌కు కూడా చెప్పాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను నాయనా. నువ్వేమో నీ నోరు కాపాడుకుంటున్నావు!

నన్ను చూసి నవ్వలేదనుకుంటున్నావా? మొదటి వారం మెస్సులో అన్నం అయిపోయిందేమోనని, "క్యా భోజన్ సమాప్త్ హో గయా?" అని అడిగాను. నీ దగ్గర నేర్చుకున్నదే. మెస్సు మెస్సంతా గొల్లుమంది. నాకు ఆకాశవాణి అని పేరు పెట్టారు. అందరికంటే గట్టిగా నవ్వింది వంట చేసే మున్నీ ఆంటీ. బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. మరుసటి రోజు ఆకలేసింది కాబట్టి మళ్లీ పోయాను. మళ్లీ మాట్లాడాను, మళ్లీ నవ్వారు. ఆరు నెలలు అలాగే గడిచింది. చలికాలంలో జ్వరం వస్తే మూడు రోజులు నా మంచం దగ్గర కూర్చున్నది కూడా ఆ మున్నీ ఆంటీయే. కిచిడీ తినిపిస్తూ, తినిపిస్తూ తిట్టింది. ఆ తిట్లతోనే నాకు హిందీ వచ్చింది. ఆమె నవ్వకపోయి ఉంటే వచ్చేది కాదు.

నీ ఇలోనా నిన్ను చూసి నవ్వదు, సరే. నీకు జ్వరం వస్తే గంజి కూడా తేదు. ఎవరూ నవ్వని భాషలో మాట్లాడడం గొప్పే, కాదనను. నువ్వు మాట్లాడావని చదివి నా గుండె పొంగింది. మల్‌ప్లూవో అని నేను కూడా గట్టిగా పలికి చూశాను. కానీ హంగరీ ముసలమ్మకు మన కరువు గురించి చెప్పగలిగిన మనిషి, నాకు కాబోయే అత్తమామలకు నా గురించి నాలుగు మాటలు చెప్పలేనంటే నేను ఒప్పుకోను.

ఇది బాగా విను. నా తండ్రి కుర్చీలో జయరాముడు మామ కూర్చుంటే, నేను ప్రమోద్‌కు చెప్పి వాళ్ల ప్రయాణం ఆపేస్తాను. పెళ్లి ఆగితే ఆగనీ. మామ నాకు ఇష్టమే, కానీ ఆయన నాయన కాదు. తప్పులు మాట్లాడు, ఎన్నయినా మాట్లాడు. రైలును మగాణ్ని చెయ్యి, ఇల్లును ఆడదాన్ని చెయ్యి, వాళ్లు నవ్వితే నవ్వనీ. మూగగా మాత్రం ఉండొద్దు. అమ్మకు ముద్దులు.

కోపంగానే, కానీ నీ బిడ్డే,
జయంతి

*

బుక్కరాయసముద్రం
ఆగస్టు 17

నా తల్లి జయంతికి,

ఇరవై ఏడో తేదీ రాత్రే ఫోన్లో "అంతా బాగా జరిగింది" అని మీ అమ్మ చెప్పింది కదా. ఆ ఒక్క ముక్కతో సరిపెట్టుకున్నందుకు నీకు పెద్ద మనసుంది. ఇప్పుడు మొత్తం రాస్తాను, తీరిగ్గా కూర్చుని చదువు.

ఆ రోజు పొద్దున ఏడింటికే జయరాముడు ఇస్త్రీ చేసిన సఫారీ, నూనె రాసిన మీసాలతో దిగాడు. "బావా, నువ్వు నెమ్మదిగా ఉండు. మాటలన్నీ నాకొదిలెయ్" అన్నాడు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. నీకు ఫోన్లో మాటిచ్చి కూడా, జయరాముడికి ఆ సంగతి చెప్పే ధైర్యం చాలక, ఒట్టు, మళ్లీ పారిపోయాను. పాలు తెస్తానని చెప్పి సంచితో బయటపడి బస్టాపు దగ్గర నిలబడ్డాను. కళ్యాణదుర్గం బస్సు ఎక్కితే అటునుంచి కుందుర్పి. అప్పుడే అంగడి తాళం తీస్తున్న శశికుమార్ చూశాడు.

"ఏం సార్, ఈ పొద్దు మీ ఇంటికి సంబంధమోళ్లు వస్తాండారంట గదా, మీరు యాడికి పోతాండారు?"

ఎందుకు అడిగానో తెలియదు, అడిగేశాను. "శశీ, నిజం చెప్పప్పా. నేను నీకు హిందీ ఎట్ల చెప్పినాను?"

వాడు తల గోక్కున్నాడు. "కోపం తెచ్చుకోవద్దండి సార్. మీరు చెప్పిన హిందీ ఒక్క ముక్క గుర్తు లేదు. ఇరవై మార్కులు యాడ దొరుకుతాయో మాత్రం శానా బాగా చెప్పినారు. ఇప్పుడు ఆ నక్షత్రం భాష గురించి చెప్తారు సూడండి, అట్ల చెప్పింటే నేనూ నేర్చుకుందును సార్."

నాకు నవ్వు వచ్చింది. ఎదురుగా నిలబడి నా శిష్యుడు నన్ను ఫెయిలు చేస్తున్నాడు, నాకు నవ్వు వస్తోంది! వాడూ నవ్వాడు. బస్సు వచ్చింది, కండక్టరు రెండుసార్లు పిలిచాడు, పోయింది. పాల ప్యాకెట్లు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

పదకొండింటికి కారు ఆగింది. ప్రమోద్ తండ్రి గోవింద్‌గారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య, వెనకాల కొంగు కళ్లదాకా దించుకున్న ప్రమోద్ నాయనమ్మ, ఎనభై రెండేళ్ల దాదీ. మీ అమ్మను చూడాలి నువ్వు! గాజుల మస్తానమ్మ దగ్గర బేరాలాడి నేర్చిన మాటలన్నీ బయటికి తీసింది. "ఆవో ఆవో, పంఖా కే నీచే బైఠో, బహుత్ ఎండ ఉండాది" అంటూ దాదీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఒక్కరూ నవ్వలేదు, అందరూ పంకా కిందికి పోయి కూర్చున్నారు. ముప్పై మూడేళ్లు నేను చెయ్యలేని పని ఆమె గడపలోనే చేసేసింది.

నడిమి కుర్చీలో జయరాముడు కూర్చున్నాడు. నేను గోడ పక్కన. ఓళిగలు పెట్టారు, నెయ్యి వేశారు. గోవింద్‌గారు మర్యాదగా, మీ బావగారి సేద్యం ఎలా ఉంది అని జయరాముణ్ని అడిగారు. జయరాముడు గొంతు సవరించుకుని, "మా బావ మంచి రైతండీ" అని హిందీలో మొదలుపెట్టాడు. అప్పుడు నేను లేచాను.

"మైఁ కిసాన్ నహీఁ హూఁ" అన్నాను. గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే వంటింట్లో గరిటె కింద పడింది. నేను హిందీ అధ్యాపకుణ్ని, ముప్పై మూడేళ్లు చెప్పాను, కానీ నాకు హిందీ మాట్లాడడం రాదు, ఈ రోజు మాట్లాడతాను అన్నాను. నా మాటల్లో తప్పులుంటాయి, నవ్వుకోండి, కానీ నేను ముగించేదాకా ఎవరూ దిద్దకండి, ఇది నా ఇల్లు, ఇక్కడ ఇదే కట్టుబాటు అన్నాను. జయరాముడు నోరు తెరిచి నన్ను చూశాడు. "లే బావమరిదీ, ఆ కుర్చీ నాది" అని తెలుగులో చెప్పాను. లేచాడు పాపం, స్టూలు మీద కూర్చున్నాడు.

మాట్లాడాను జయంతీ. నువ్వు పుట్టిన ఏడు శెనిక్కాయ మొత్తం ఎండిపోయిందని, మీ అమ్మ నిన్ను చంకన వేసుకుని బిందెల కోసం ట్యాంకరు వెనక పరుగెత్తిందని చెప్పాను. నువ్వు బడిలో విత్తనాలు జేబుల్లో దాచుకుని వస్తే తిట్టానని, ఇప్పుడు ఆ విత్తనాలే నీ ఉద్యోగమని చెప్పాను. టీ కొట్టు దగ్గర జరిగింది, వార్డెనమ్మ ముందు ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. రెండో వాక్యంలోనే రైలు మగదైపోయింది. గోవింద్‌గారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వింది, నేను చూశాను. నా చెవులు వేడెక్కాయి, నోరు మాత్రం ఆగలేదు. ఒకచోట 'కానీ' అనడానికి లేకిన్ అనాల్సింది ఎస్పెరాంతోలో సెద్ అనేశాను, అందరూ అయోమయంగా చూశారు. అదేమిటో చెప్పవలసి వచ్చింది, దాంతో ఇంకో పావుగంట ఇలోనా సంగతి, తేనెటీగల సంగతి. ఈసారి గోవింద్‌గారే పగలబడి నవ్వారు. నవ్వుతూనే తన పళ్లెంలోని ఓళిగ తీసి నా పళ్లెంలో వేశారు. నువ్వు రాసిన మున్నీ ఆంటీ నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ నవ్వని భాషలో నాకు నోరు వచ్చింది, అది అబద్ధం కాదు. కానీ నాతో కూర్చుని నవ్వే మనుషులు ఇంట్లోకి వచ్చింది హిందీతోనే.

అంతసేపూ దాదీ ఒక్క మాటా మాట్లాడలేదు. కొంగు చాటున తల వంచుకుని కూర్చుంది. మీ అమ్మ అడిగితే తల ఊపేది, అంతే. నేను ఆమె వైపు తిరిగి, ప్రయాణం ఎలా జరిగిందమ్మా అని హిందీలో అడిగాను. గోవింద్‌గారు వెంటనే అడ్డొచ్చారు.

"అమ్మను వదిలెయ్యండి మాస్టారూ. ఆమెకు హిందీ రాదు. మా పల్లె మాట తప్ప ఏమీ రాదు. బయటివాళ్ల ముందు మాట్లాడితే నవ్వుతారని నోరే విప్పదు."

ఝాన్సీ పక్క పల్లెలో పుట్టి, అక్కడే ఎనభై రెండేళ్లు బతికిన మనిషికి హిందీ రాదట! నేను ఎవరినైతే సొంతదారు అనుకుని ఇన్నేళ్లు భయపడ్డానో, ఆ ఇంట్లోని పెద్ద దిక్కే నాలాగా గోడ పక్కన కూర్చుంది. నేను కుర్చీ వదిలి ఆమె ముందు చాప మీద కూర్చున్నాను. అమ్మా, మీ మాటలోనే చెప్పండి, నేను వింటాను, మీరు ముగించేదాకా ఎవరూ మాట్లాడరు అన్నాను. గోవింద్‌గారి వైపు చూసి, "మీరు కూడా" అన్నాను. హెడ్మాస్టరు మీద కూడా నేను ఎప్పుడూ అలా గొంతు లేపలేదు.

దాదీ కొడుకు వైపు ఒకసారి చూసింది. తరవాత కొంగు కొద్దిగా పైకి జరిగింది. మొదలుపెట్టింది చూడు, ఇంక ఆగలేదు! నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. బావి ఎండిపోయిందని, కొడుకు చిన్నప్పుడు ఇద్దరూ రైలు పట్టాల వెంబడి బొగ్గు ఏరుకునేవాళ్లని, ప్రమోద్ పెళ్లికి తనను ఎవరూ ఒక్క మాట అడగలేదని చెప్పింది. చెప్తూ కొడుకు వైపు వేలు చూపించింది. గోవింద్‌గారు తల దించుకుని కళ్లద్దాలు తుడుచుకున్నారు. చివరికి ఆమె నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. అది అర్థం కాలేదు, గోవింద్‌గారే చెప్పారు: "పిల్లను ఇస్తారా అని అమ్మ అడుగుతోంది." అడగవలసిన మాట అడగవలసిన మనిషే అడిగింది. నేను ఏ భాషలో అవునన్నానో నాకే గుర్తులేదు, తెలుగులోనే అనుకుంటాను.

వాళ్ల కారు కదిలాక జయరాముడు నా భుజం మీద చెయ్యి వేసి, "బావా, పద్దెనిమిదేండ్లు నేను హిందీలో ఆర్డర్లు తీసుకున్న్యా, నువ్వు ఈ పొద్దు ఆర్డరు వేసినావు" అన్నాడు. మీ అమ్మ నాలుగు రోజులపాటు వీధిలో ఎవరు కనిపించినా ఇదే కథ చెప్పింది. కథలో పంకా కింద కూర్చోబెట్టింది తనేనని ముందు చెప్పి, తరవాతే నా దగ్గరికి వచ్చేది. మస్తాన్ ఇప్పుడు గుంతకల్లులో ఉన్నాడట, ఫోను నంబరు శశికుమార్ సంపాదించి పెట్టాడు. మొన్న మాట్లాడాను. వాడికి ఆ దెబ్బ గుర్తుంది. క్షమించమన్నాను, హిందీలోనే. "అయ్యో, ఛోడో సార్" అన్నాడు. వదిలెయ్యను, బక్రీదుకు పిలిచాడు, తప్పకుండా పోతాను.

ఇక ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి. పది రోజులుగా సాయంత్రం నాలుగింటికి ప్రమోద్ చేత ఫోను చేయించి దాదీ నాతో మాట్లాడుతోంది. నిన్న ఉన్నట్టుండి, మాస్టారూ, పెళ్లిలో అందరి ముందు నిలబడి నేను దీవెన చెప్పాలి, నాకు హిందీ నేర్పు అంది. మీ మాటలోనే చెప్పండమ్మా, అదే బాగుంటుంది అన్నాను. ఒప్పుకోలేదు. రెండు మాటల్లోనూ చెప్తానంది. అక్షరాలు కూడా కావాలంది, పెళ్లికార్డు మీద తన పేరు తనే చదువుకోవాలట. ముప్పై మూడేళ్లలో నా దగ్గరికి వచ్చి హిందీ కావాలని అడిగిన మొదటి మనిషి. రేపు సోమవారం నాలుగింటికి క్లాసు మొదలు.

నువ్వు వచ్చే ఆదివారం వాళ్ల పల్లెకు పోతావు కదా, ఆమెకు ఒక పలక, రెండు పెట్టెల బలపాలు కొనుక్కునిపో. పలక పెద్దది తీసుకో, ఆమెకు చూపు తక్కువ. ఫీజు లేదని చెప్పు, కానీ క్లాసు ఎగ్గొడితే ఊరుకోనని కూడా చెప్పు.

ఇట్లు,
నీ నాయన,
కె. ఈశ్వరప్ప,
హిందీ పండితుడు